ధారపోసిన మంచం

కిందటి వారం మీనాకుమారిని గోదావరి వంతెన మీద, రైలు పెట్టె గుమ్మం పక్కన నిలబెట్టి ఆగాం. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చంకలో మడతపెట్టిన దుప్పటి. మూడున్నరేళ్ళ కొడుకు ముందురోజు సాయంత్రమే తాతగారితో కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్ళిపోయాడు. రెండో నెలలో, బారసాల అయిన నాలుగో రోజున పట్టుకున్న రొంప వాడి ఛాతీని ఇంతవరకూ వదల్లేదు. ఇది నాలుగో వానాకాలం. ప్రతి ఏడూ పదేసి రోజులు నర్సింగ్ హోములో పడుకోవడం, ఆ తరువాత చలికాలం పోయేదాకా సిరప్పులు, సూదులు, రైలు ప్రయాణాలు. ఈసారి "ఇంక నర్సింగ్ హోముకి పైసా ఇచ్చేది లేదు" అని మామగారు గున్నేశ్వరరావు తెగేసి చెప్పారు. ఆ సాయంత్రమే పిల్లవాడు డొక్కలెగరేస్తుంటే ఆయనే వాణ్ణి భుజాన వేసుకుని బయలుదేరారు. వర్తకులంతా కలిసి నడుపుతున్న ధన్వంతరి ధర్మాసుపత్రిలో చేర్పిస్తానన్నారు. భర్త నాగేశ్వరప్రసాద్ మిరపకాయల కొనుగోలుకి గుంటూరు వెళ్ళి ఉన్నాడు. మీనాకుమారి బయట చేరి మూడో రోజు. కొడుకు ఊపిరాడక కొట్టుకుంటుంటే గడప అవతల నిలబడి చూసింది తప్ప ముట్టుకోవడానికి లేకపోయింది. తల్లి చెయ్యి తగిలితే బిడ్డకి వచ్చే మైల ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

తెల్లవారగానే తలారా స్నానం చేసి మొదటి రైలెక్కింది. "ఎంత కోపమున్నా తాత తాతే" అని దారిపొడుగునా గోదావరికి దణ్ణాలు పెట్టుకుంటూనే ఉంది.

పిల్లల వార్డులో ఆరు మంచాలు. కిటికీ పక్కది నాలుగో మంచం. నల్లటి ఒళ్ళు, తెల్లటి మెడ ఉన్న ఆక్సిజన్ సిలిండరు వార్డు మొత్తానికి ఒక్కటే, అది ఆ మంచం పక్కనే ఉంది. గొట్టం చివర కొడుకు చంటి నిద్రపోతున్నాడు. నుదురు చల్లగా ఉంది. డొక్కలు ఇంకా లోపలికి పోతున్నాయి కాని నిన్నటిలా కాదు. మీనాకుమారి గోడ గడియారం చూస్తూ వాడి ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి ముప్ఫై ఆరు. మూడేళ్ళలో ఆమె నేర్చిన చదువు ఇదొక్కటే. డాక్టరు దాకా పోకుండానే, ముక్కుపుటాలు చూసి, గొంతుకింద గుంట చూసి, ఎన్ని గంటల వ్యవధి ఉందో చెప్పగలదు.

మంచం తలవైపు గోడకి చలవరాతి పలక. కీర్తిశేషులు కుక్కుటేశ్వరరావు గారి జ్ఞాపకార్థం ఈ మంచమూ, ప్రాణవాయువు సిలిండరూ వారి కుమారుడు గున్నేశ్వరరావు ఇచ్చినట్టు చెక్కి ఉంది. చంటి అసలు పేరు కూడా కుక్కుటేశ్వరరావే. ముత్తాత పేరు పెట్టారు. మీనాకుమారి ఆ పలకకి చేతులానించి కళ్ళకద్దుకుంది.

తెచ్చిన దుప్పటి పరుద్దామని పరుపు అంచు ఎత్తింది. తలగడ కింద, పరుపుకీ ఇనప చట్రానికీ మధ్య, ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే తెల్లగుడ్డ మూట. విప్పితే ఎర్రదారం చుట్టిన మేకు. గోడకి కొట్టే మేకు కాదు. జానెడు పొడవు, నలుపలకల తల. పడవ చెక్కలకి కొట్టేది.

ఆమెకి వెంటనే తెలిసింది. చంటి పుట్టినప్పుడు అమ్మ ఆమె తలగడ కింద అడకత్తెర పెట్టింది. గాలీ ధూళీ సోకకుండా పసిబిడ్డ దగ్గర ఇనుముండాలని. అడకత్తెర లేని ఇంటివాళ్ళు మేకు పెట్టుకుంటారు.

"సిస్టరుగారూ, ఇదెవరిదండీ?"

సత్యకుమారి అనే ఆ నర్సు మందుల పళ్ళెం సర్దుతూ తల తిప్పలేదు. "ఏదో పాతదేలెండి. ఇటు పడేయండి."

"పాతది కాదండీ. గుడ్డ ఇంకా తడిగానే ఉంది. పాలవాసన వేస్తోంది."

నర్సు చేతిలో గాజుసీసా పళ్ళానికి టక్కున తగిలింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నాకు ముగ్గురు పిల్లలమ్మా. మీ మావయ్యగారు కిందటేడు మళ్ళీ ఆసుపత్రి కమిటీలోకొచ్చారు. నన్నేం అడక్కండి. ఆ కిటికీలోంచి వరండాలోకి చూడండి, మీకే తెలుస్తుంది."

కిటికీకి రెక్కలున్నాయి కాని మూసిలేవు. మంచానికీ వరండాకీ మధ్య నాలుగు ఇనపచువ్వలు, అంతే.

వరండాలో గోనెపట్టా మీద ఒకామె గోడకి వీపు ఆనించి కూర్చుంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఒళ్ళో అయిదు నెలల పాప. బయట ముసురు. చూరునీళ్ళు జల్లు కొట్టి పట్టా సగం తడిసింది. పాప ఏడవడం లేదు. ఏడవడానికి కావలసిన ఊపిరి దాని దగ్గర లేదు. పిల్లికూన మూలిగినట్టు ఊపిరి విడిచినప్పుడల్లా సన్నటి చప్పుడు. ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. మీనాకుమారి వద్దనుకుంటూనే లెక్కపెట్టింది. డెబ్భై దాటింది.

మేకు బొడ్లో దోపుకుని బయటికి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"మీ బాబుకెలాగుందండీ?" ముందు అడిగింది ఆవిడే. "రాత్రి తీసుకొచ్చినప్పుడు శానా ఎగరేశాడండి, పాపం."

"ఆ మంచం మీద మీరుండేవారా?"

"ఆయ్, నాలుగు రోజులున్నామండి. నా పేరు పెద్దింట్లమ్మండి. గోదారి నడిమి లంక మాది. పొగాకు పనికెళతానండి." చీరకొంగుతో పాప పెదాల దగ్గర నురగ తుడిచింది. "పెద్దాయనొచ్చి ఇది మా మంచం అన్నారండి. ఆరి మంచం ఆరు తీసుకున్నారు. దాంట్లో తప్పేముందండీ."

ఆ మాటలో దెప్పు లేదు. దెప్పు ఉంటే మీనాకుమారికి కాస్త తేలిగ్గా ఉండేది.

"పాప పేరేంటి?"

"ఇంకా పెట్టలేదండి. నిలబడ్డాక పెడదామని మా అత్త అందండి. కాయితం మీద పెద్దింట్లమ్మ కూతురు అని రాసుకున్నారు." పాపని ఒళ్ళో సర్దుకుని, "ఒక్క మాటడగొచ్చాండీ? మీ బాబుకిది ఎన్నాళ్ళనించండీ?"

"మూడేళ్ళు దాటింది."

"అమ్మో. ఇంకా తగ్గలేదాండీ?"

"తగ్గుతుంది. మళ్ళీ రొంప పడితే మళ్ళీ వస్తుంది."

"ఔనండి. డాట్రుగారూ అదే అన్నారండి. జొరం పోయినా రొమ్ము మెత్తబడిపోద్ది, నాలుగైదేళ్ళు కనిపెట్టుకోవాలి, మందు ఆపకూడదు అని." పెద్దింట్లమ్మ పాప డొక్క మీద అరచెయ్యి ఆనించి ఉంచింది, ఎగిరిపోకుండా పట్టుకున్నట్టు. "ఎంతయిందండీ మీకు?"

మీనాకుమారి తడబడింది. "పెద్దగా ఏం కాలేదులే."

పెద్దింట్లమ్మ ఆమె చేతులకేసి చూసింది. షావుకారి కోడలి చేతులకి రెండేసి గాజు గాజులు. మెడలో పసుపుతాడు. "మీ చేతులకి బంగారం లేదండీ" అంది, నెమ్మదిగా.



గున్నేశ్వరరావు వచ్చేసరికి ఎనిమిదయింది. రేవులో స్నానం చేసి, శివాలయంలో అభిషేకం చేయించుకుని, తడి ఆరని జుట్టుతో, నుదుట మూడు విభూతిరేఖలతో వచ్చారు. వరండాలోంచే నడిచారు. గోనెపట్టా అడ్డం వస్తే పంచె కుచ్చిళ్ళు ఎత్తుకుని దాటారు. తడి తగలకూడదని.

"చూశావా అమ్మాయ్!" అన్నారు వార్డులోకి వస్తూనే. "హాయిగా ఎలా నిద్దరోతున్నాడో. పైసా ఖర్చు లేదు. ఆ నర్సింగ్ హోమువాడు రోజుకి నలభై రూపాయలు గుంజి చేసింది ఇదేగా? ఇదిగో, ప్రసాదం."

ఆమె అరచేతిలో కొబ్బరిముక్క పెట్టి మనవడి మీదకి వంగారు, విభూతి పెట్టడానికి. నిద్రలోనే చంటికి పొరపోయి దగ్గు వచ్చింది. ఆయన చొక్కాకి మిరపకాయల దుమ్ము ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. ఇల్లు కొట్టు వెనకే. గోదావరిలో మూడు మునకలేసినా ఆ ఘాటు పోదు. ఛాతీ మెత్తని పిల్లవాణ్ణి మిరపకాయల బస్తాల పక్కన పెంచకూడదని డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పాడు. కొట్టు కదలదు కనక పిల్లవాడూ కదల్లేదు.

మీనాకుమారి ప్రసాదం కళ్ళకద్దుకుంది. నోట్లో పెట్టుకోబోయి ఆగింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ చేత్తో పెట్టిన ప్రసాదం వద్దనలేదు. ఇవాళ కొంగుకి ముడేసుకుంది.

"మావయ్యగారూ, నిన్న ఈ మంచం మీద ఎవరున్నారండీ?"

"ఎవరో లంకవాళ్ళు. అయితే ఏం?"

"నెలల పిల్లండీ. నిమిషానికి డెబ్భై ఊపిర్లు తీస్తోంది."

"నువ్వెప్పుడమ్మా డాక్టరువయ్యావు?" ఆయన నవ్వారు. పక్క మంచాల తల్లులకేసి చూస్తూ నవ్వారు, వాళ్ళూ నవ్వాలన్నట్టు. ఒకామె నవ్వింది కూడా. "వరండాలో గాలి బాగా ఆడుతుంది. నేను చూసే పెట్టించాను. ఊరికే పంపెయ్యలేదే, ఉండమన్నాం కదా."

"ఆక్సిజన్ తీసేసి ఉండమన్నారండి."

"అమ్మాయ్." ఆయన గొంతు మారింది. "మన సిలిండరు మన పిల్లాడికి పెట్టించాను. పలక చూడు. ఎవరి పేరుంది? వాడి పేరే ఉంది."

"అది ముత్తాతగారి పేరండి."

"రెండూ ఒకటే. పేరు పెట్టుకునేది ఎందుకు మరి?"

మీనాకుమారికి ఇంట్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పిన అలవాటు లేదు. అయినా మాట ఆగలేదు. "ఈ మంచం ఇచ్చిన నాడు నేనూ ఉన్నానండీ. కొత్తగా కాపరానికి వచ్చాను. అత్తయ్యగారు వెండి చెంబుతో మీ చేతిలో నీళ్ళు పోశారు. ఇది నాది కాదు, ఇది నాది కాదు అని పంతులుగారు మీచేత మూడుసార్లు చెప్పించారు. అంటే మనం ధారపోసేశాం కదండీ. పోసిన నీళ్ళు మళ్ళీ చెంబులోకి ఎలా వస్తాయండీ?"

అల్యూమినియం గిన్నెలో పాలు కలుపుతున్న ఒక తల్లి చెంచా తిప్పడం మానేసింది.

"అది మంత్రం" అన్నారు గున్నేశ్వరరావు. "మంత్రాల్లో మాటలన్నీ పట్టుకుంటే కొట్టు నడుస్తుందా?"

ఆయన రోజూ రెండు పూటలా ఆ మంత్రాలే చదివేవారు. చదివేవాడికి అవి ఉట్టి మాటలయితే, విన్న దేవుడికి ఏమయి ఉంటాయి? ఆయనకీ ప్రశ్న వచ్చినట్టు లేదు. వస్తే బాగుండేదని మనకి అనిపిస్తుంది.

"నేనిదంతా సరదాకి చేశాననుకుంటున్నావా?" ఆయనకిప్పుడు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఆయన కొట్లో బస్తాలు మోసే కళాసులతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆ గొంతు వరండా దాటి గేటు దాకా వినిపిస్తుంది. "మూడేళ్ళలో వీడి ఛాతీలో పన్నెండు వేలు పోశాను. పన్నెండు వేలు! నర్సింగ్ హోముకి వేరు, సూదులకి వేరు, రైళ్ళకీ రిక్షాలకీ వేరు. నీ గాజులు పోయాయి. నీ మొగుడు నెలకి నాలుగు రోజులు కొట్టు మూసుకుని వీణ్ణెత్తుకుని తిరిగాడు, దానికి లెక్కే లేదు. రేపు బళ్ళో వేస్తే నెలకి పది రోజులు పోడు. ఇంకా ఎన్నేళ్ళు పోయాలో ఆ డాక్టరే చెప్పలేకపోతున్నాడు. నేను షావుకార్ని కాబట్టి పోశాను. అవునా?"

"అవునండీ. కాదనలేదు."

"మరి ఆ లంకదాని సంగతి చెప్పు. సరే, నీ మాటే వింటాను. ఆ మంచం ఇచ్చేస్తాను. పిల్ల బతుకుతుంది. ఆ పైన? మళ్ళీ వానలొస్తాయి, మళ్ళీ పడుతుంది. అప్పుడెవరు పోస్తారు పన్నెండు వేలు? పొగాకు కూలిచ్చేవాడు పోస్తాడా? రోజుకి ఆరు రూపాయలు వస్తాయేమో దానికి. ఇవాళ కాకపోతే ఏడాదికి పోయే ప్రాణం అది. దానికి గాలెందుకు పెట్టాలి? గాలి దండగ!"

మీనాకుమారి మంచం కమ్మీ పట్టుకుంది. ఆయన చెప్పింది అబద్ధమైతే తిట్టుకుని ఊరుకునేది. అందులో లెక్కంతా నిజమే. ఆరు రూపాయల చొప్పున పన్నెండు వేలంటే రెండు వేల రోజుల కూలి. తిండి తినకుండా, ఒక్కరోజు మానకుండా, అయిదేళ్ళకి పైన. ఆ లెక్క ఆమెకీ తెలుసు. ఆ లెక్క వేసి, దాని అడుగున ఆయన వేసిన 'దండగ' అన్న మాటకే రోత పుట్టింది. విభూతి రాసిన ఆ నుదురు చూస్తే రోత. ఆ గాలి పీలుస్తూ తన కొడుకు నిద్రపోతుంటే, వచ్చీరాగానే పలక కళ్ళకద్దుకున్న తన చేతులు చూసుకున్నా రోతగానే ఉంది. ఎంగిలాకు ఎత్తిన చేతులకైతే కడుక్కుంటే పోతుంది, ఇది పోయేలా లేదు.

"ఏంటండీ ఇది? కేకలు?"

డాక్టరు సూర్యప్రకాశం గారు. కోనసీమ మనిషి, యాభై దాటినాయన. కాకినాడ వెళ్ళి ఆ ఉదయమే బండి దిగి తిన్నగా ఆసుపత్రికి వచ్చారు. చేతిసంచి ఇంకా భుజానే ఉంది. నాలుగో మంచం చూశారు. ఎవరున్నారో చూశారు. సత్యకుమారికేసి చూశారు. ఆమె తల దించుకుంది. ఆయనకి అర్థమైపోయింది.

"డాక్టరుగారూ" అంది మీనాకుమారి, "మా వాడికి ఈ గాలి తీసేస్తే ఏమవుతుందండీ?"

ఆయన వాడి ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. "ఇవాళ్టికి లేకపోయినా నడుస్తుందమ్మా. సూదిమందు పనిచేస్తోంది. సిరప్పు వేసి, గంటగంటకీ చూసుకోవాలి. రేపటి మాట నేను చెప్పలేను."

"ఆ పాపకండీ?"

డాక్టరు, గున్నేశ్వరరావు ముఖంలోకి కాక ఆయన చెప్పులకేసి చూస్తూ మాట్లాడారు. "దానికి ఇవాళే కావాలి. రెండు రోజులు గడిస్తే ఈ గండం దాటుతుంది. తరవాత ఖర్చు ఉంటుంది, నిజమే. కాని తరవాత అనేది ఉండాలి కదా ముందు."

"అయితే ఆ మాట ఆయనతో చెప్పండీ."

సూర్యప్రకాశం గారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. అది మురికిగా ఏమీ లేదు. "నేను జీతగాణ్ణమ్మా" అన్నారు. "కమిటీ వారు పెట్టమన్నచోట పెడతాను."

ముసలి బ్రాహ్మడు, మంచివాడు, పదిమంది పిల్లల్ని బతికించినవాడు. ఆయన మీద కూడా ఆ క్షణాన ఆమెకి జాలి కలగలేదు.

ఆమె చంటి ముక్కు దగ్గర గొట్టం మెల్లగా తప్పించింది. సిలిండరు తల మీద చక్రం ఎటు తిప్పాలో ఆమెకి తెలుసు, తిప్పింది. బుసబుసమన్న చప్పుడు ఆగింది. వాణ్ణి దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుంది. వాడు కళ్ళు తెరిచి "ఇంటికా?" అన్నాడు.

"వాణ్ణి దించు" అన్నారు గున్నేశ్వరరావు.

"మంచం మీంచి దించానండీ."

"అమ్మాయ్, చెప్తున్నా విను. ఇంతమందిలో నా పరువు తీస్తున్నావు. ఈ మంచం మీంచి వాణ్ణి దించి ఆ గుమ్మం దాటావంటే, ఇవాళ్టి నుంచి వాడి మందుల ఖర్చు నీది. నేనివ్వను. నీ మొగుణ్ణీ ఇవ్వనివ్వను, కొట్టు నా పేరునుంది. సూదికీ నువ్వే, సిరప్పుకీ నువ్వే. వచ్చే వానాకాలానికీ నువ్వే. పై వానాకాలానికీ నువ్వే."

మీనాకుమారి దగ్గర మిగిలింది మెడలో పసుపుతాడుకున్న రెండు పుస్తెలు, చెవుల దుద్దులు. దుద్దులు అమ్మితే ఎన్ని సీసాలో ఆమెకి తెలుసు. భుజం మీద వాడి ఊపిరి వేడిగా మెడకి తగులుతోంది. లోపల ఎక్కడో సన్నటి ఈల.

"సరేనండీ" అంది.

డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్నారు. "సత్యకుమారీ, ఆ పాపని లోపలికి తీసుకురా" అన్నారు, ఎవరికేసీ చూడకుండా.

మీనాకుమారి నర్సు కంటే ముందే వరండాలోకి వచ్చింది. గోనెపట్టా ఉంది. సగం తడిసిన గోనెపట్టా, దాని మీద మనిషి కూర్చున్నంత మేర పొడిగా ఉన్న చోటు.

గేటు దగ్గర వాచ్‌మన్ చుట్ట ఆర్పి చెప్పాడు. "ఇప్పుడే ఎల్లిపోయిందమ్మా. పెద్దాయన లోపల లెక్కలు చెబుతున్నారు కదా, కిటికీ కింద కూకుని అన్నీ వింది. అంత ఖర్చు పెట్టలేనోళ్ళం, ఊరికే మంచానికడ్డం ఎందుకు బాబూ, మా ఊళ్ళోనే పోనీ అంది. లంక పడవెక్కుద్ది. వరద ముదరకుండా పొద్దున్నే ఒకటేస్తున్నారు."

అప్పుడే గేటు ముందు రిక్షా ఆగింది. అత్తగారు జగదాంబ. మోకాళ్ళ నొప్పులతో రానన్న మనిషి, ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని వచ్చింది. "వాణ్ణి బయటికి తెచ్చావేంటే? తగ్గిందా?" అంటూ దిగబోయింది.

మీనాకుమారి బొడ్లోంచి మేకు తీసి చూపించింది.

జగదాంబ దాన్ని చూసింది. నలుగుర్ని కని, ఇద్దర్ని నెలల్లో పోగొట్టుకున్న ఆడమనిషికి అదేమిటో చెప్పనక్కర్లేదు. "ఎవరిదే?"

"మన మంచం మీద దొరికిందండీ. మావయ్యగారు దింపించేశారు. ఆవిడ పిల్లనెత్తుకుని రేవుకెళ్ళిపోయింది."

లోపల్నుంచి గున్నేశ్వరరావు గొంతు వినిపిస్తూనే ఉంది. జగదాంబ ఒక్క క్షణం అటు చూసింది. తరువాత క్యారేజీ వాచ్‌మన్ చేతికిచ్చి, కాళ్ళు దగ్గరికి లాక్కుని పక్కన చోటు చేసింది. "ఎక్కు. అబ్బీ, లంక పడవల రేవుకి పోనియ్యి. తొందరగా."

ముసురులో రిక్షా టాపు మీద చినుకులు పడుతున్నాయి. సగం దారిదాకా జగదాంబ మనవడి వీపు రాస్తూ కూర్చుంది. మనవడి వీపు రాస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి అంది.

"బారసాల నాడు ఆయనకి రొంప."

మీనాకుమారి తిరిగి చూసింది.

"మూడు రోజుల్నించీ దగ్గు. పిల్లాడి చెవిలో పేరు చెప్పడానికి వంగుతుంటే, మీరొద్దండీ, మీ తమ్ముడుగారు చెప్తారు అందామనుకున్నాను. నాలిక చివరిదాకా వచ్చింది. ఇంటిపెద్దని పక్కనపెడితే శుభం కాదనీ, పదిమందిలో అరుస్తారనీ నోరు మూసుకున్నా. మూడుసార్లు పేరు చెప్పారు. మూడుసార్లూ దగ్గారు, ఆ చెవిలోనే, ఆ ముఖం మీదే." ఆమె గొంతులో కన్నీళ్ళు లేవు. అన్నంలో వెంట్రుక వచ్చినప్పుడు ఉండే ముఖం. "మొదటిసారి డాక్టరుగారు అడిగారు చూడు, ఇంట్లో ఎవరికైనా రొంప ఉందాండీ, పెద్దవాళ్ళకది రొంపే కాని పసివాళ్ళకి ఛాతీ పట్టేస్తుందీ అని. ఎవరికీ లేదన్నా. నేనే అన్నా. ఇప్పుడాయన పన్నెండు వేలు, పన్నెండు వేలు అని అరిచినప్పుడల్లా నాకా దగ్గే వినపడుతుంది."

తెలియక చేసినదానికి పాపం ఉంటుందా? తెలిసి ఊరుకున్నదానికి? మీనాకుమారి అత్తగారి చేతిమీద చెయ్యి వెయ్యలేకపోయింది. వెయ్యకుండానూ ఉండలేకపోయింది. చంటి కాలు ఇద్దరి ఒళ్ళలోనూ సగం సగం పడి ఉంది. దాన్ని పట్టుకుని కూర్చుంది.

రేవులో ఎర్రనీళ్ళు అయిదు మెట్లు ఎక్కాయి. పడవలో అప్పటికే పదిమంది. పడవవాడు గడ చేతిలోకి తీసుకుని మెట్ల మీదున్న ఒకే ఒక మనిషిని కేకేస్తున్నాడు. "వస్తావా రావా అమ్మా? వరదొస్తంది!"

నీటికి రెండు మెట్ల పైన పెద్దింట్లమ్మ కూర్చుని ఉంది. వీపు ఇటువైపు. పడవవాడి కేక వినపడనట్టే ఉంది.

"పెద్దింట్లమ్మా!"

చంటిని భుజాన వేసుకుని పరిగెత్తుతూ దిగిన మీనాకుమారిని చూసి ఆవిడ తల తిప్పింది. నవ్వబోయినట్టుంది. "మీరొచ్చారేంటండీ? బాబు తడిసిపోతాడండీ" అంది. "చూశారా, మూలుగు మానేసిందండి. ఇందాకటినించీ డొక్క కూడా ఎగరెయ్యట్లేదు. నిద్దరోయింది. గోదారి గాలి తగిలితే కాస్త తేరుకుందండి."

మీనాకుమారి కాళ్ళు మెట్టు మీదే ఆగిపోయాయి. డొక్కలు ఎగరేసి ఎగరేసి అలిసిపోయిన బిడ్డ ఎప్పుడు ఆపుతుందో ఆమె చదువుకున్న చదువులో ఉంది.

పాప ముఖం మీద జల్లు పడకుండా కొంగు కప్పి ఉంది. ఆ కొంగు ఒకసారి పైకి లేచింది. నది మీంచి గాలి వీస్తోంది. లేపింది గాలో, ఊపిరో తెలియలేదు.

గుప్పిట్లో మేకు అరచేతిలోకి దిగుతోంది. గాలి ఒక్కసారిగా నిలిచిపోయింది. పడవ జెండా కొయ్యకి అంటుకుపోయింది. కొంగు మాత్రం, ఒకే ఒక్కసారి, సన్నగా కదిలింది.

ఒకటి, అని లెక్కపెట్టింది మీనాకుమారి. రెండోదాని కోసం చూస్తూ, తన ఊపిరి బిగపట్టుకుని నిలబడింది.